అద్దాలు పెడితే మెల్ల పోతుంది, తీస్తే వస్తుంది: నాలుగున్నరేళ్ల పిల్లోడికి ఇప్పుడే ఆపరేషన్ చేయించాలా?

పొద్దుటూరు మేనమామ:

మా అక్క కొడుకుకు నాలుగున్నరేళ్లు. మూడేళ్లు దాటినాక కుడికన్ను ముక్కు వైపు పోవడం మొదలైంది. అన్నం తినేటప్పుడు, ఫోన్ చూసేటప్పుడు బాగా తెలుస్తుంది. దూరంగా చూసేటప్పుడు అంతగా లేదు. కడపలో చూపించినాము. మూడు రోజులు అట్రోపిన్ (కంటి బిగింపును వదులు చేసే మందు) ఆయింట్‌మెంటు పెట్టించి, నాలుగోరోజు పవర్ చూసినారు. చీటీలో కుడి +5.50, ఎడమ +4.00 అని ఉంది. చూపు కుడికి 6/24, ఎడమకు 6/9 (మామూలు చూపు అంటే 6/6). రెండు నెలలు అద్దాలు మాత్రమే పెట్టి మళ్లీ రమ్మన్నారు, ఆ తర్వాత ఎడమకంటికి రోజూ రెండు గంటలు ప్యాచ్ (కన్ను మూసే అతుకు) వేయాల్సి రావచ్చు అన్నారు.

అద్దాలు వచ్చి ఐదు వారాలు. పెట్టుకుంటే కన్ను దాదాపు నేరుగా ఉంటుంది. తీస్తే మాత్రం ముందుకన్నా ఎక్కువ మెల్ల కనపడుతా ఉంది. ఇంట్లో గొడవంతా ఇక్కడే. అద్దాలే కన్ను పాడు చేస్తున్నాయని మా అమ్మ, మెల్ల అదృష్టం వదిలేయండని పక్కింటివాళ్లు, ఆపరేషన్ చేయిస్తే ఒక్కసారికే పోతుంది కదా అని బావ.

ఇంత ప్లస్ పవర్ చిన్నపిల్లోడికి సబబేనా? రెండు గంటల ప్యాచ్ సరిపోతుందా, మన ఎండలకు చెమటపట్టి ఊడిపోతే ఎట్ల? ఆపరేషన్ ఎప్పుడు, ఎక్కడ? ఇంకొకటి, చెల్లెలికి పది నెలలు. ఫోటోల్లో ఆ పాపకూ కొంచెం మెల్ల ఉన్నట్టు అనుమానం.

హంద్రీ (కర్నూలు):

అన్నా, మీరు రాసిన అంకెలను బట్టి చూస్తే డాక్టరు వేసిన దారి సరైనదే. ఇంట్లోవాళ్లకు చెప్పడానికి వీలుగా కారణంతో సహా రాస్తాను.

ప్లస్ పవర్ ఉన్న పిల్లలు ఏది స్పష్టంగా చూడాలన్నా కంటి లోపలి లెన్సును బిగించి చూడాలి. మీ పిల్లోడు దూరం చూడటానికే నాలుగైదు డయాప్టర్ల (పవర్ కొలిచే లెక్క) శ్రమ పడాలి, దగ్గరికి చూస్తే దాని మీద ఇంకో మూడు. లెన్సు బిగిసే పని, రెండు కళ్లు ముక్కు వైపు తిరిగే పని ఒకే కాడికి కట్టిన ఎడ్లు. ఒకటి లాగితే రెండోది కదలక తప్పదు. అందుకే అంత బిగింపులో ఒక కన్ను లోపలికి పోతుంది. దగ్గర చూసేటప్పుడు ఎక్కువ కనపడటానికి కారణం కూడా ఇదే. ఆ బిగించే పనిని అద్దం తీసుకుంటే కన్ను నేరుగా నిలుస్తుంది. అద్దం తీసిన వెంటనే పిల్లోడు మళ్లీ బిగించి చూస్తాడు. ఇప్పుడు స్పష్టమైన చూపు అలవాటైంది కాబట్టి ఇంకా గట్టిగా బిగిస్తాడు, మెల్ల ఎక్కువ కనపడుతుంది. అద్దం పాడు చేసినందుకు కాదు, పని చేస్తున్నందుకే ఆ తేడా. అమ్మగారికి ఇది పక్కన కూర్చోబెట్టుకొని చెప్పండి. ఇంట్లో పెద్దవాళ్లు నమ్మకపోతే పిల్లోడి ముక్కు మీద అద్దం నిలవదు.

ఈ రకం మెల్లకు పవర్‌లో కోత పెట్టరు. మైనస్ పవర్ పిల్లలకు ఎక్కువ రాస్తారేమోనన్న భయం అర్థం ఉన్నదే. ఇక్కడ మాత్రం అట్రోపిన్ కింద వచ్చిన పవర్ మొత్తం, లేదా దాదాపు మొత్తం ఇవ్వాలి. తగ్గించి ఇస్తే మిగిలిన భాగానికి పిల్లోడు మళ్లీ బిగిస్తాడు, కన్ను మళ్లీ లోపలికి. నిద్ర లేచింది మొదలు పడుకునే దాకా అద్దం ఉండాలి. బడికి మాత్రమే, టీవీకి మాత్రమే అన్న లెక్క పనికిరాదు. స్నానానికి, నిద్రకు తీయండి, అంతే.

ఇక లేజీ ఐ, అంటే మెదడు వాడక మందగించిన కన్ను సంగతి. మెల్లకన్ను నుంచి వచ్చే బొమ్మను మెదడు పక్కన పెట్టేస్తుంది, పైగా ఆ కంటికే పవర్ ఎక్కువ. అందుకే కుడికి 6/24. ఇంట్లో అందరూ తలకెక్కించుకోవాల్సింది ఇదొక్కటే: అద్దం, ప్యాచ్, ఆపరేషన్ మూడూ మూడు వేరే పనులు. అద్దం పవర్ దిద్దుతుంది, పవర్ వల్ల వచ్చే మెల్లను ఆపుతుంది. ప్యాచ్ చూపు తెస్తుంది, మెల్లను సరిచేయదు. ఆపరేషన్ కన్నును నేరుగా నిలుపుతుంది, చూపు తేదు, పవర్ తగ్గించదు. చాలా ఇళ్లల్లో ఆపరేషన్ అయినాక అద్దాలు అటక మీదికి పోతాయి, కన్ను నేరుగా కనపడుతుంది కాబట్టి. లోపల చూపు మాత్రం 6/24 దగ్గరే ఆగిపోతుంది.

రెండు నెలలు అద్దంతోనే ఆగమన్నది ఎందుకంటే కొందరికి అద్దంతోనే చూపు పూర్తిగా కోలుకుంటుంది. మిగిలితేనే ప్యాచ్. 6/24 లాంటి మధ్యస్థ లేజీ ఐకి రోజుకు రెండు గంటలు సరిపోతుంది. అమెరికాలో పిల్లల కంటి డాక్టర్ల బృందం ఏడేళ్లలోపు పిల్లల మీద చేసిన పరీక్షల్లో రెండు గంటలు, ఆరు గంటలు ఒకే ఫలితం ఇచ్చాయి. 2003లో ప్రచురించారు. తీవ్రంగా ఉన్నవాళ్లకు, అంటే 6/30 గాని అంతకన్నా తక్కువ గాని చూపు ఉన్నవాళ్లకు, ఆరు గంటలు వేస్తారు. మీరుగా గంటలు పెంచొద్దు. ఎక్కువసేపు మూస్తే మంచి కన్ను మందగించే ప్రమాదం ఉంది. ప్రతి ఆరు నుంచి ఎనిమిది వారాలకు రెండు కళ్లూ చూసేది అందుకే.

ప్యాచ్ విషయంలో తప్పు జరిగేది ఎక్కువగా ఈ చోట్లే. అద్దం మీద అంటిస్తారు, పిల్లోడు పక్క సందులోంచి మంచి కంటితోనే చూస్తాడు. చర్మానికే అంటించి, దాని మీద అద్దాలు పెట్టాలి. ముఖానికి కొబ్బరినూనె, పౌడరు రాసి ఉంటే అతుక్కోదు. ఉత్త నీళ్లతో కడిగి, తుడిచి, పూర్తిగా ఆరినాక అంటించండి. వెడల్పు భాగం బయటి వైపు, సన్న భాగం ముక్కు వైపు. అంటించేటప్పుడు కన్ను మూసి ఉండాలి, లేకపోతే రెప్పవెంట్రుకలు జిగురులో ఇరుక్కొని తీసేటప్పుడు ఏడిపిస్తాయి. ఎండాకాలంలో పొద్దున ఎనిమిది లోపలో, సాయంత్రం ఫ్యాను కిందో వేయండి. మధ్యాహ్నం రెండింటికి మన దగ్గర ఏ జిగురూ నిలవదు. రెండు గంటలు ఒకేసారి కుదరకపోతే గంట, గంట చేయొచ్చు. తీసేటప్పుడు అంచులు తడిపి, ఒక చేత్తో చర్మం పట్టుకొని మెల్లగా లాగండి. తీసినాక నూనె రాసుకోవచ్చు. ఎర్రగా కందితే ఒకరోజు ఆపి, మర్నాడు తిప్పి అంటించండి. పొక్కులు వస్తే అద్దానికి తొడిగే గుడ్డ ప్యాచ్ గురించి డాక్టరును అడగండి, పక్క సందు మాత్రం మూసుకుపోవాలి.

ఆ రెండు గంటల్లో దగ్గరి పనే చేయించాలా అంటే, దూరం పనికీ దగ్గరి పనికీ ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పిల్లోడి చేతులు ప్యాచ్ మీదికి పోకుండా ఉండటమే అసలు లాభం. పలకమీద చుక్కలు పెట్టి ముగ్గు కలపమనండి, రంగులు వేయించండి. మొదటి వారం గొడవ ఎక్కువ, ఎందుకంటే నిజంగానే వాడికి ఆ కంటితో సరిగా కనపడదు. మెట్ల దగ్గర, రోడ్డు మీద ప్యాచ్‌తో వదలొద్దు.

ప్యాచ్ అస్సలు ఒప్పుకోని పిల్లలకు మంచి కంట్లో శని, ఆదివారాలు మాత్రమే ఒక చుక్క అట్రోపిన్ వేసే పద్ధతి ఉంది. మధ్యస్థ లేజీ ఐలో అది కూడా బాగా పనిచేస్తుంది. డాక్టరు రాస్తేనే. చుక్క వేసినాక ముక్కు పక్కన కంటిమూల నిమిషం, రెండు నిమిషాలు నొక్కి పట్టాలి, మందు గొంతులోకి దిగకుండా. ముఖం ఎర్రబడి ఒళ్లు కాలడం, నోరు ఎండిపోవడం, గుండె దడ, మత్తుగా పిచ్చిగా మాట్లాడటం కనపడితే ఆపేసి ఆసుపత్రికి పోవాలి. ఎండదెబ్బ అనుకొని ఇంట్లో పెట్టుకోకండి. సీసా పిల్లలకు అందకూడదు, తాగితే ప్రాణాపాయం.

అదృష్టం మాట గురించి ఒక్కటే అంటాను. కన్ను నేర్చుకునే వయసు మొదటి ఏడెనిమిదేళ్లే బలంగా ఉంటుంది. ఆ తర్వాత కూడా కొందరికి మెరుగవుతుంది గాని శ్రమ ఎక్కువ, ఫలితం తక్కువ. ఈ ఏళ్లు పోగొట్టుకుంటే తిరిగి రావు.

అద్దాలకొట్టు, అనంతపురం:

హంద్రీ అక్క అద్దం ఎందుకో చెప్పినారు. అద్దం ఎట్ల ఉండాలో నేను చెప్తా, ఎందుకంటే చీటీ సరిగా ఉండి జోడు సరిగా లేక చెడేవి చానా ఉన్నాయి.

చిన్నపిల్లలకు ముక్కు దూలం ఇంకా లేచి ఉండదు. పెద్దోళ్ల ఫ్రేమ్‌ను చిన్నది చేసినట్టుండేది పెడితే జారి ముక్కు కొనకు వస్తుంది, పిల్లోడు అద్దం పైనుంచి చూస్తాడు. పవర్ దండగ. పై అంచు కనుబొమ దాకా రావాల, కంటిపాప అద్దం నడిమధ్యలోనో కొంచెం పైననో ఉండాల. ఈ వయసుకు సుమారు 40 నుంచి 44 మిల్లీమీటర్ల సైజు. వంగే రకం ప్లాస్టిక్ ఫ్రేమ్, చెవి వెనక పట్టీ. గుండ్రంగా చిన్నగా ఉంటే +5.50 లెన్సు నడుమ లావు తగ్గుతుంది, బరువు తగ్గుతుంది, జారడం తగ్గుతుంది. లెన్సు పాలీకార్బొనేట్ అడగండి, కిందపడినా పగిలి కంట్లోకి పోదు. గాజు వద్దే వద్దు.

అసలైనది సెంటర్. రెండు కంటిపాపల మధ్య దూరం కొలిచి లెన్సు నడిబొడ్డు అక్కడికి తేవాల. మెల్ల ఉన్న పిల్లోడికి రెండు కళ్లూ తెరిచి స్కేలు పెట్టి కొలిస్తే తప్పు వస్తుంది, ఒక కన్ను లోపలికి తిరిగి ఉంటుంది కదా. ఒక కన్ను చేత్తో మూసి, ముక్కు మధ్య నుంచి తెరిచిన కంటి దాకా కొలవాల, తర్వాత రెండోది. +5.50 లెన్సు సెంటర్ 4 మిల్లీమీటర్లు పక్కకు పోతే దాదాపు 2.2 ప్రిజం డయాప్టర్ల (మెల్ల కొలిచే లెక్క) తేడా పుడుతుంది. రెండు కళ్లకూ కలిపితే డాక్టరు కొలిచే మెల్ల లెక్కే మారుతుంది. జోడు తీసుకున్నాక దాన్ని ఆసుపత్రిలోనే లెన్సోమీటర్ (అద్దం పవర్ కొలిచే యంత్రం) మీద పెట్టించి పవర్, సెంటర్ రెండూ చూపించుకోండి. అడిగితే చేస్తారు, సిగ్గుపడొద్దు.

పొడిగుడ్డతో, చీరకొంగుతో తుడవొద్దు. మన దుమ్ముకు నెలలో గీతలు పడతాయి. ముందు నీళ్లు పోసి, తర్వాత మెత్తని నూలుగుడ్డ. ఇంకో జోడు చేయించి పెట్టుకోండి. ఒకటి విరిగితే రిపేరుకు ఇచ్చి వారం రోజులు ఉత్త కళ్లతో తిప్పడం మంచిది కాదు.

పొద్దుటూరు మేనమామ:

అన్నా, మావాడు సరిగ్గా పైనుంచే చూస్తాడు, ఇప్పుడు చూసుకుంటే కనపడింది. రేపే పట్టీ వేయిస్తా. ఆపరేషన్ సంగతి ఎవరైనా చెప్పండి, బావ ఒక చోట మాట్లాడి కూడా పెట్టినాడు.

తుంగభద్ర:

బావగారిని ఆపండి. అద్దంతో కన్ను పూర్తిగా నేరుగా నిలిచే మెల్లకు ఆపరేషన్ ఉండదు. అద్దం లేకుండా కనపడే మెల్లను లెక్కలోకి తీసుకొని కండరాలు జరిపితే, తర్వాత అద్దం పెట్టుకున్నప్పుడు కన్ను బయటికి పోతుంది. ఆపరేషన్ చేసేది అద్దం పెట్టినా మిగిలే భాగానికే. అది కూడా కొద్దిగా, ఒక పది ప్రిజం డయాప్టర్ల లోపల ఉంటే సాధారణంగా వదిలేస్తారు.

కొలిచే పద్ధతి మీరు గమనించండి. అద్దాలతో, దూరానికి ఒకసారి, దగ్గరికి ఒకసారి, చిన్న బొమ్మనో అక్షరాన్నో చూపిస్తూ ప్రిజంలతో కొలవాలి. ఉత్త టార్చి చూపిస్తే పిల్లోడు బిగించి చూడడు, మెల్ల దాక్కుంటుంది. దూరం నేరుగా ఉండి దగ్గర మాత్రమే పది ప్రిజంలకు మించి లోపలికి పోతే దానికి బైఫోకల్ అద్దం (పైన దూరానికి, కింద దగ్గరికి వేరే పవర్ ఉండేది) ఒక దారి. పిల్లల బైఫోకల్‌లో గీత కంటిపాప మధ్యకు రావాలి, పెద్దవాళ్లకు పెట్టినట్టు కిందికి పెడితే పిల్లోడు దాన్ని వాడడు. మీవాడికి దగ్గర ఎక్కువ అన్నారు కాబట్టి రెండో నెల పరీక్షలో ఈ కొలత అడగండి.

మిగిలి, ఆపరేషన్ అవసరమైతే: కన్ను బయటికి తీయరు, గుడ్డును కోయరు. తెల్లగుడ్డు మీది పొర తెరిచి, ముక్కు వైపు కండరాన్ని అది అతుక్కున్న చోటు నుంచి విడదీసి వెనక్కి జరిపి కుడతారు. ఉదాహరణకు 30 ప్రిజంల మెల్లకు రెండు కళ్లలోనూ ఆ కండరాన్ని 4.5 మిల్లీమీటర్లు వెనక్కి జరపడం వాడుకలో ఉన్న లెక్క. ఒక్క కన్నే మెల్ల అయితే రెండో కంటికి ఎందుకు చేస్తున్నారని చాలామంది కంగారు పడతారు. రెండు కళ్లూ ఒకే జోడుగా కదులుతాయి, అందుకే బరువు రెండింటికీ పంచుతారు.

పిల్లలకు పూర్తి మత్తు ఇస్తారు. మత్తుకు ముందు అన్నం, పాలు ఆరు గంటలు, ఉత్త నీళ్లు రెండు గంటలు ఆపాలి. దగ్గు, జలుబు, జ్వరం ఉంటే దాచకుండా చెప్పి వాయిదా వేయించుకోండి. అయినాక రెండు మూడు వారాలు కన్ను ఎర్రగా ఉంటుంది, కుట్లు వాటంతటవే కరుగుతాయి. తలస్నానం నీళ్లు కంట్లోకి పోకుండా రెండు వారాలు, ఈత, మట్టిలో ఆట నెల దాకా వద్దు. కొన్నాళ్లు రెండుగా కనపడొచ్చు. ఎరుపు తగ్గకుండా పెరుగుతూ, నొప్పి, రెప్పవాపు, చూపు తగ్గడం ఉంటే రాత్రయినా ఫోన్ చేయాలి. కొందరికి రెండో ఆపరేషన్ పడుతుంది, ముందే తెలుసుకొని ఒప్పుకోవాలి. ఆపరేషన్ తర్వాత కూడా అద్దాలు, ప్యాచ్ మామూలుగానే సాగుతాయి.

ఎక్కడ అంటే, సర్కారు వైపు కర్నూలు ప్రాంతీయ కంటి ఆసుపత్రి మన సీమకు పెద్దది. మీకు తిరుపతి కూడా దగ్గర, అక్కడ అరవింద్ ఉంది. హైదరాబాదులో ఎల్వీ ప్రసాద్, చెన్నైలో శంకర నేత్రాలయ. అనంతపురం వాళ్లకు బెంగళూరు దగ్గర, మింటో సర్కారు కంటి ఆసుపత్రి. ఎక్కడికి పోయినా ముందు ఫోన్‌లో అడగాల్సినవి: పిల్లల కళ్లు, మెల్లకన్ను చూసే డాక్టరు ఏ రోజు ఉంటారు, మెల్ల ఆపరేషన్లు అక్కడే చేస్తారా. మామూలు శుక్లాల శిబిరంలో ఈ పని తేలదు. ఎన్టీఆర్ వైద్య సేవ కింద వస్తుందా లేదా అన్నది ఆ ఆసుపత్రిలో పథకం చూసేవాళ్ల దగ్గర, చేర్పించే ముందే తేల్చుకోండి.

చెల్లెలి సంగతి. పది నెలల పాపకు ముక్కు దూలం వెడల్పుగా ఉండి, కంటిమూల తెల్లభాగాన్ని చర్మం కప్పితే మెల్ల లేకపోయినా ఉన్నట్టు కనపడుతుంది. పాప ఎదురుగా నేరుగా చూస్తున్నప్పుడు ఫ్లాష్‌తో ఫోటో తీసి పెద్దది చేయండి. రెండు నల్లగుడ్లలో వెలుగు చుక్క ఒకే చోట ఉంటే చాలావరకు భయం లేదు. ఒకదాంట్లో పక్కకు జరిగి ఉంటే మెల్ల. సుమారు 1 మిల్లీమీటరు జరిగితే 15 ప్రిజంలు. అయితే అన్నకు ఉంది కాబట్టి ఫోటో బాగున్నా పాపకు ఏడాది వచ్చేసరికి మందు వేసి పవర్ చూపించండి. ఫోటోలో ఒక కంటిపాప తెల్లగా మెరిసినట్టు ఉంటే మాత్రం ఈ వారమే చూపించాలి. అది కంటి లోపలి క్యాన్సర్ గడ్డ కావచ్చు, మెల్ల కూడా ఆ జబ్బుకు ఒక గుర్తు. మెల్ల ఉన్న ప్రతి బిడ్డకూ కంటిపాప పెద్దది చేసి లోపలి పొర చూసేది అందుకే.

వేంపల్లె:

ఇక్కడే అడుగుతున్నా, ఏమనుకోవద్దు. మా నాయనకు 58, షుగర్ ఉంది. మూడు రోజులుగా ఒకటి రెండుగా కనపడుతుంది. ఎడమకన్ను లోపలికి పోయింది. నొప్పి లేదు. పైన చెప్పిన ప్యాచ్ వేస్తే చాలా?

తుంగభద్ర:

చాలదు తమ్ముడూ. ఈ రోజే తీసుకుపో. పెద్దవాళ్లలో ఉన్నట్టుండి వచ్చే మెల్ల పిల్లల మెల్ల లాంటిది కాదు, కంటిని తిప్పే నరం దెబ్బతిన్న గుర్తు.

బయల్దేరే ముందు రెండు చూడు. ఏ కన్ను మూసినా రెండుగా కనపడటం పోతుందా? పోతే కళ్ల వరుస తప్పినట్టు. ఎడమ వైపు, దూరంగా చూసినప్పుడు రెండు బొమ్మలూ ఇంకా దూరమవుతున్నాయా? అయితే కన్నును బయటికి తిప్పే ఆరో నరం. షుగర్, బీపీ ఉన్నవాళ్లలో ఇది తరచుగా వస్తుంది, చాలామందికి మూడు నెలల్లో తగ్గుతుంది. కానీ అదేనని తేల్చాల్సింది డాక్టరు, షుగర్, బీపీ చూసి, కంటి లోపలి నరం వాపు చూసి. తగ్గకపోయినా, పెరిగినా, ఇంకో నరం కలిసినా ఎమ్మారై తీస్తారు.

రెప్ప వాలిపోవడం, ఒక కంటిపాప పెద్దదవడం, విపరీతమైన తలనొప్పి, మూతి వంకర, మాట తడబాటు, కాలు చెయ్యి పట్టు తప్పడం, వీటిలో ఒక్కటి ఉన్నా కంటి ఆసుపత్రి కాదు, 108కి ఫోన్ చేసి నేరుగా కడప సర్వజన ఆసుపత్రి అత్యవసర విభాగానికి. పక్షవాతంలో రక్తపు గడ్డ కరిగించే సూది మొదటి నాలుగున్నర గంటల్లోనే పనికొస్తుంది.

తగ్గే దాకా అద్దాల ఒక లెన్సుకు తెల్ల టేపు అంటిస్తే రెండుగా కనపడదు. బండి తోలనివ్వొద్దు. కొందరికి లెన్సుకు అంటించే పల్చటి ప్రిజం షీటు ఇస్తారు. ఆపరేషన్ ఆలోచన కనీసం ఆరు నెలలు మెల్ల కొలత మారకుండా నిలిచినాకే.

వేంపల్లె:

రెప్ప బాగానే ఉంది, తలనొప్పి లేదు. బయల్దేరుతున్నాం అన్నా.

పొద్దుటూరు మేనమామ:

బావకు ఇదంతా చదివి వినిపించినా, ఆపరేషన్ మాట ఆపినాడు. ఒక్కటే మిగిలింది. జూన్‌లో బడి మొదలైతే ప్యాచ్ బడిలో వేయాలా, ఇంట్లోనా? చూపు వచ్చినాక ఒక్కసారే ఆపేయొచ్చా?

హంద్రీ (కర్నూలు):

రెండు గంటలే కాబట్టి ఇంట్లోనే వేయండి, సాయంత్రం బడి నుంచి వచ్చి ముఖం కడిగినాక. బడిలో పిల్లలు ఏడిపిస్తే వాడు అద్దం కూడా తీసి పారేస్తాడు. టీచరుకు మాత్రం ఒక మాట చెప్పండి: అద్దం తీయనివ్వకూడదు, ముందు వరుసలో కూర్చోబెట్టాలి, అద్దం వంకరైతే ఇంటికి కబురు చేయాలి.

గోడ క్యాలెండరులో రోజూ ఎన్ని గంటలు వేసినారో అంకె రాయండి. వేయని రోజు సున్నా పెట్టండి, దాయొద్దు. చూపు పెరగకపోతే ప్యాచ్ సరిగా పడలేదా, లేక మందు మార్చాలా అని డాక్టరు తేల్చుకునేది ఆ అంకెలతోనే.

చూపు సమానమైనాక ఆపే రోజు డాక్టరే చెప్తారు. ఆరు గంటలు, అంతకన్నా ఎక్కువ వేస్తున్న పిల్లలకు ముందు రెండు గంటలకు దించి తర్వాత ఆపుతారు. ఉన్నట్టుండి ఆపితే చూపు వెనక్కి పోయే అవకాశం ఎక్కువ. ఆపినాక మొదటి ఏడాదిలో సుమారు నలుగురిలో ఒకరికి చూపు మళ్లీ కొంత తగ్గుతుంది. అందుకే ప్యాచ్ ఆగినా పరీక్షలు ఆగవు, అద్దం ఆగదు. ప్లస్ పవర్ పెద్దయ్యే కొద్దీ కొంత తగ్గొచ్చు, అప్పుడు మెల్ల రాకుండా ఉందా అని చూసుకుంటూ పవర్ కొద్దికొద్దిగా దించుతారు.

ఎనిమిదో వారం పోయేటప్పుడు పాత చీటీ, వాడుతున్న జోడు, క్యాలెండరు, మెల్ల రాకముందు ఫోటోలు రెండు మూడు, ఇప్పటివి అద్దంతో ఒకటి, లేకుండా ఒకటి పట్టుకుపోండి. పొద్దున పిల్లోడు నిద్ర తీరి, తిని ఉన్నప్పుడు చూపించండి. అలసిన పిల్లోడు బొమ్మలు చెప్పడు, చూపు ఉన్నదానికన్నా తక్కువగా పడుతుంది.